టైమ్‌షేర్ రిసార్టులో సభ్యత్వం: సంతకానికి ముందు తేల్చుకోవలసిన విషయాలు

బెంగళూరు మాల్‌లలోను, పెట్రోలు బంకులలోను, గృహోపకరణాల ప్రదర్శనలలోను పేరు, ఫోను నంబరు రాసి పెట్టెలో వేయమని ఇచ్చే బహుమతి కూపన్లు నగరవాసులకు పరిచయమైనవే. కొద్ది రోజులకు ఫోను వస్తుంది. మూడు రాత్రుల ఉచిత విడిది లభించిందనీ, ఆదివారం నాడు భార్యాభర్తలిద్దరూ కలిసి ఫలానా హోటలుకు వచ్చి రెండు గంటలు కూర్చుంటే చాలుననీ చెబుతారు. అక్కడ కొడగులోనో, చిక్కమగళూరులోనో, ఊటీలోనో రానున్న కొత్త రిసార్టు చిత్రాలు చూపి, పాతికేళ్ల సభ్యత్వం తీసుకోమంటారు. ధర సాధారణంగా లక్షలలో ఉంటుంది. చాలా ఇళ్లలో అది పిల్లల చదువు కోసమో, సొంతింటి అడ్వాన్సు కోసమో కూడబెట్టిన సొమ్ముతో సమానం. అంత మొత్తం మీద ఒక్క సాయంత్రంలో నిర్ణయం తీసుకోకుండా, ముందుగా తేల్చుకోవలసిన విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

అమ్మేది ఏమిటి

టైమ్‌షేర్ అంటే ఒకే విడిది గదిని పలువురు వంతులవారీగా వాడుకొనే ఏర్పాటు. ఈ పద్ధతి 1960ల దశకంలో ఐరోపాలో మొదలైంది. భారతదేశంలో స్టెర్లింగ్ సంస్థ 1986లో స్థాపితమైంది. మహీంద్రా హాలిడేస్ 1996లో ఏర్పడింది. ఆ తరువాత చిన్నాపెద్దా కంపెనీలు అనేకం ఈ వ్యాపారంలోకి వచ్చాయి.

మన దేశంలో సాధారణంగా అమ్మేది ఏడాదికి ఇన్ని రాత్రుల చొప్పున, ఇన్ని సంవత్సరాల పాటు గదిని వాడుకొనే హక్కు మాత్రమే. గదిగాని, దాని కింది నేలగాని సభ్యుని పేరిట రిజిస్టరు కావు. గడువు ముగిసిన నాడు హక్కు కూడా ముగుస్తుంది. అందువలన "ఆస్తి కొన్నట్లే" అనే మాట ఇటువంటి సభ్యత్వానికి వర్తించదు. ఇది రాబోయే పాతికేళ్ల సెలవులకు ఇప్పుడే చెల్లించే సొమ్ము. ఈ ఒక్క సంగతి స్పష్టమైతే తక్కిన ప్రశ్నలు వాటంతట అవే తేలికపడతాయి. కుటుంబం వేసుకోవలసిన మొదటి ప్రశ్న రిసార్టు అందంగా ఉందా అన్నది కాదు. ప్రతి ఏటా ఆ రాత్రులను నిజంగా వాడుకోగలమా అన్నది.

సెలవుల లెక్క

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల సెలవులకు ఒక ప్రత్యేక స్వరూపం ఉంది. ఆంధ్ర, తెలంగాణలలో సంక్రాంతికి బడులకు వరుసగా సెలవులు ఇస్తారు. కర్ణాటకలో దీర్ఘ సెలవులు దసరాకు వస్తాయి. సంక్రాంతికి ఒక్క రోజే. పండుగకు ఊరు వెళ్లాలంటే ఉద్యోగి తన సొంత సెలవు ఖర్చు చేసుకోవాలి, పిల్లలు బడి మానాలి. ఏప్రిల్, మే నెలలలో పిల్లలను అమ్మమ్మ ఇంటికో, నాయనమ్మ ఇంటికో పంపాలి. వీటికి తోడు పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, సంవత్సరీకాలు, ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల వైద్యం. ఇవన్నీ పోగా మిగిలే సెలవు రోజులు ఎన్నో, అవి ఏ నెలలో మిగులుతున్నాయో గడచిన మూడేళ్ల లెక్క కాగితం మీద రాసి చూసుకోవాలి. "ఇకమీదట తప్పక వెళతాం" అన్న సంకల్పం కంటే ఆ కాగితమే నమ్మదగిన సాక్ష్యం.

సభ్యత్వపు ధర ఋతువును బట్టి మారుతుంది. కంపెనీలు ఏడాదిని రద్దీని బట్టి విభాగాలు చేసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క రంగు పేరు పెడతాయి. తక్కువ ధర విభాగంలో చేరినవారికి వేసవి సెలవులు, దసరా, డిసెంబరు చివరి వారం సాధారణంగా దొరకవు. బడి పిల్లలున్న ఇంటికి కావలసినవి సరిగ్గా ఆ వారాలే. ఎక్కువ ధర పెట్టి రద్దీ కాలపు హక్కు కొన్నా, అదే వారానికి వేలాది సభ్యులు పోటీ పడతారు. నెలల ముందుగా గది కోరినవారికే దొరికే అవకాశం ఎక్కువ. సెలవు మంజూరు చివరి క్షణం వరకు తేలని సాఫ్ట్‌వేరు, ఆసుపత్రి, బ్యాంకు ఉద్యోగులకు ఇది పెద్ద చిక్కు.

గది దొరికినంత మాత్రాన ప్రయాణం ఖాయమైనట్లు కాదు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నెల నుండి నీలగిరి జిల్లాకు, కొడైకెనాల్‌కు వెళ్లే వాహనాలకు ఇ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవిలో రోజుకు ఇన్ని వాహనాలే అన్న పరిమితి కూడా విధించారు. పాతికేళ్ల ఒప్పందంలో ఇటువంటి మార్పులు మరెన్నో రావచ్చునని ముందే ఎంచుకోవాలి.

డబ్బు లెక్క

అమ్మకందారులు సాధారణంగా సభ్యత్వ రుసుమును మొత్తం రాత్రులతో భాగించి చూపుతారు. ఆ లెక్కలో రెండు అంశాలు కనబడవు. ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. సభ్యత్వ రుసుము 4,00,000 రూపాయలు, దానిపై 18 శాతం వస్తు సేవల పన్ను కలిపి 4,72,000 రూపాయలు అనుకుందాం. ఏడాదికి ఏడు రాత్రులు, 25 సంవత్సరాలు, అంటే 175 రాత్రులు. భాగిస్తే రాత్రికి సుమారు 2,700 రూపాయలు. వినడానికి చవకగానే ఉంటుంది.

కనబడని మొదటి అంశం వార్షిక నిర్వహణ రుసుము. రిసార్టుకు వెళ్లినా వెళ్లకున్నా దానిని సాధారణంగా ఏటా కట్టాలి. కట్టకపోతే గది కోరే హక్కు నిలిచిపోతుంది. అది 18,000 రూపాయలు అనుకుంటే పన్నుతో కలిపి 21,240. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి మరో 3,034 రూపాయలు. ఈ రుసుము ఏటా పెరుగుతుంది. ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగినా పన్నెండేళ్లలో రెట్టింపవుతుంది. "హోటలు ధరలు పెరుగుతాయి, మీకు మాత్రం నేటి ధరే" అన్న మాట సభ్యత్వ రుసుముకే వర్తిస్తుంది, వార్షిక రుసుముకు కాదు.

రెండవ అంశం, ఆ సొమ్ము మరొక చోట ఉంటే వచ్చే ఆదాయం. 4,72,000 రూపాయలను 7 శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే ఏడాదికి 33,040 రూపాయలు వస్తాయి. ఆదాయపు పన్ను పోగా కొంత తగ్గవచ్చు. వడ్డీని, వార్షిక రుసుమును కలిపితే 54,280. ఏడు రాత్రులకు పంచితే మొదటి ఏడాదిలోనే రాత్రికి సుమారు 7,750 రూపాయలు. ఆ ఏడు నాలుగు రాత్రులే వాడుకుంటే అది 13,570 అవుతుంది. పైగా డిపాజిట్‌లో అసలు చెక్కుచెదరకుండా మిగులుతుంది. సభ్యత్వంలో గడువు తీరేసరికి ఏమీ మిగలదు.

ఇది గది ఖర్చు మాత్రమే. భోజనం, ప్రయాణం, రిసార్టులో ఇతర సేవలు వేరు. అదే రిసార్టులో, అదే తేదీలకు, సభ్యులు కానివారు గది తీసుకుంటే ఎంత అవుతుందో ఆన్‌లైను బుకింగ్ సైట్లలో చూసి ఈ మొత్తంతో పోల్చాలి. రిసార్టు ఇంకా కట్టకపోతే ఆ ఊళ్లోనే అదే స్థాయి విడిదితో పోల్చవచ్చు.

వాయిదాల పద్ధతి ఈ లెక్కను మరింత బరువు చేస్తుంది. కంపెనీ పరిచయం చేసే వాయిదా తరచుగా ఒక బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ ఇచ్చే రుణం. అది సభ్యత్వ ఒప్పందానికి వేరైన ఒప్పందం. రిసార్టుతో వివాదం వచ్చిందని వాయిదా ఆపితే, రుణదాత దృష్టిలో అది ఎగవేతే. రుణ చరిత్ర దెబ్బతింటుంది. 2024 అక్టోబరు నుండి మంజూరయ్యే రిటైలు టర్మ్ రుణాలకు, ఖర్చులన్నీ కలిపిన వార్షిక వడ్డీ రేటును చూపే ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. ఆ పత్రం అడిగి తీసుకొని చదివిన తరువాతే రుణానికి అంగీకరించాలి.

ఇంకా కట్టని రిసార్టు

కొత్త రిసార్టులో ముందుగా చేరేవారికి ధర తగ్గిస్తారు. ఆ తగ్గింపు ఊరకే వచ్చేది కాదు. నిర్మాణం ఆలస్యమయ్యే, ఆగిపోయే ముప్పును సభ్యుడు పంచుకుంటున్నాడు. అందువలన కొన్ని కాగితాలు స్వయంగా చూడవలసి ఉంటుంది.

మొదటిది నేల. అది కంపెనీ సొంతమా, లీజుకు తీసుకున్నదా? లీజు పదిహేనేళ్లకే ముగిసేదైతే పాతికేళ్ల సభ్యత్వం ఎలా చెల్లుతుందో కంపెనీయే లిఖితపూర్వకంగా చెప్పాలి. కర్ణాటకలో పహణిని భూమి పోర్టల్‌లోను, ఋణభార పత్రాన్ని, అంటే మన ఇ.సి.ని, కావేరి పోర్టల్‌లోను పొందవచ్చు. సాగు భూమి అయితే వ్యవసాయేతర వినియోగానికి మార్పిడి జరిగిన ఉత్తర్వు ఉండాలి. సర్వే నంబరు చెప్పడానికి వెనుకాడే కంపెనీకి డబ్బు కట్టడంలో అర్థం లేదు.

రెండవది కంపెనీ. కేంద్ర కార్పొరేటు వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు వెదికితే అది ఏ సంవత్సరంలో నమోదైనదో, డైరెక్టర్లు ఎవరో, ఆస్తులపై ఏయే తాకట్లు ఉన్నాయో తెలుస్తుంది. నిన్నమొన్న నమోదైన కంపెనీ పాతికేళ్ల హామీ ఇస్తుంటే ఆ హామీ వెనుక ఏ ఆస్తి ఉందో అడగాలి.

మూడవది అమ్మకపు రూపం. గదిలోనో, విల్లాలోనో వాటా రిజిస్టరు చేయిస్తామని చెబితే వ్యవహారం మారుతుంది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో, ఎనిమిదికి మించిన ఇళ్లతో కట్టే ప్రాజెక్టును 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద రెరాలో నమోదు చేసిన తరువాతే ప్రకటించాలి, అమ్మాలి. ఆ నమోదు సంఖ్యను రెరా పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు.

ఇతర రిసార్టులతో వారం మార్చుకొనే సౌకర్యం గురించి కూడా విడిగా అడగాలి. 1974లో అమెరికాలో మొదలైన ఆర్.సి.ఐ. వంటి మార్పిడి సంస్థల ద్వారా ఈ ఏర్పాటు జరుగుతుంది. దానికి చందా, మార్పిడి రుసుము వేరుగా ఉండవచ్చు. కోరిన చోట గది ఖాళీగా ఉంటేనే అది నెరవేరుతుంది.

లాభం హామీ ఇచ్చినప్పుడు

"వాడుకోని రాత్రులను మేమే అద్దెకిచ్చి డబ్బు పంపుతాం", "గడువు తీరాక కట్టినదానికి రెట్టింపు ఇస్తాం" అనే మాటలు వినబడితే అది ఇక సెలవు సభ్యత్వం కాదు. పలువురి సొమ్ము పోగుచేసి, వారి తరఫున నడిపి లాభం ఇస్తామనే పథకానికి సెబీ చట్టం కింద నమోదు అవసరం.

దీనికి ఉదాహరణ దూరంలో లేదు. ముంబయికి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ సంస్థ హోటలు గది రాత్రుల పేరిట డబ్బు సేకరించి, వాడుకోనివారికి గడువు తీరాక సొమ్ము చెల్లిస్తామన్నది. సెబీ దీనిని నమోదు లేని సామూహిక పెట్టుబడి పథకంగా తేల్చి, 2016 ఫిబ్రవరిలో సుమారు 7,035 కోట్ల రూపాయలు తిరిగి చెల్లించమని ఆదేశించింది. అందులో సొమ్ము పెట్టినవారు 50 లక్షల పైచిలుకు. ఆదేశం వెలువడినా చాలామంది తమ సొమ్ము కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది.

మాట తెలుగులో, పత్రం ఇంగ్లీషులో

పరాయి రాష్ట్రంలో సొంత భాష వినబడగానే మనసు కరుగుతుంది. "మాదీ గుంటూరే అన్నా", "మనవాళ్లకు కాబట్టి ఈ ధర" అని అమ్మకందారు ఆత్మీయంగా పలకరించవచ్చు. ఆ పలకరింపు నిజమైనదే కావచ్చు గాని, చేతికి వచ్చే ఒప్పందం ఇంగ్లీషులో ఉంటుంది. నోటి మాటలు చెల్లవనీ, పత్రంలో ఉన్నదే పూర్తి ఒప్పందమనీ ఆ పత్రంలోనే ఒక నిబంధన ఉండటం సాధారణం. కనుక తెలుగులో చెప్పిన ప్రతి హామీని పత్రంలో ఎక్కడుందో చూపమనాలి. లేకపోతే కంపెనీ అధికారిక ఇమెయిలు నుండి రాసి పంపమనాలి.

పత్రంలో ప్రత్యేకంగా వెదకవలసినవి ఇవి: రద్దు చేసుకొనే గడువు, అప్పుడు కోసుకొనే మొత్తం, వార్షిక రుసుము పెంపునకు గరిష్ఠ పరిమితి, వాడుకోని రాత్రులు మరుసటి ఏటికి చేరతాయా లేదా, రిసార్టు తెరిచే తేదీ, ఆ తేదీ తప్పితే సభ్యునికి లభించే పరిహారం, సభ్యుడు మరణిస్తే హక్కు ఎవరికి చెందుతుంది, మరొకరికి బదిలీ చేయడానికి అయ్యే రుసుము.

రద్దు గడువు వీటిలో అతి ముఖ్యం. ఐరోపా సమాఖ్య 2008 నాటి ఆదేశం ప్రకారం అక్కడ టైమ్‌షేర్ కొన్నవారు 14 రోజులలో కారణం చెప్పకుండానే వైదొలగవచ్చు. ఆ లోపల అడ్వాన్సు తీసుకోవడం కూడా నిషిద్ధం. భారతదేశంలో టైమ్‌షేర్‌కు ప్రత్యేక చట్టం లేదు. ఇక్కడ సభ్యునికి ఆ గడువు ఎన్ని రోజులన్నది ప్రధానంగా అతడు సంతకం చేసే పత్రమే నిర్ణయిస్తుంది.

ఆ రెండు గంటలు

ప్రదర్శన జరిగే గది ఏర్పాటే నిర్ణయాన్ని తొందరపెట్టేలా ఉంటుంది. భార్యాభర్తలను కలిసి రమ్మనడం వెనుక ఉద్దేశం "ఇంట్లో అడిగి చెబుతాం" అనే సమాధానానికి తావు లేకుండా చేయడం. సంగీతం, చప్పట్లు, అప్పుడే చేరినవారి పేర్ల ప్రకటన, ఒకరి తరువాత ఒకరు వచ్చి ధర తగ్గించే అధికారులు, "ఈ ధర ఈ రోజుకే" అన్న మాట ఇవన్నీ ఆ ఏర్పాటులో భాగమే. దీనికి సులువైన విరుగుడు ఉంది. వెళ్లదలచినవారు క్రెడిట్ కార్డు, చెక్కుబుక్కు ఇంట్లోనే ఉంచి వెళ్లాలి. ఫోనుకు వచ్చే ఓటీపీని ఎవరికీ చెప్పకూడదు. ఒప్పందం నకలు ఇస్తే వారం రోజులు చదువుకొని వస్తామని చెప్పాలి. నకలు ఇవ్వడానికే నిరాకరిస్తే కుటుంబానికి కావలసిన సమాధానం అక్కడే దొరికినట్లు.

సంతకం చేసిన తరువాత

తొందరలో సంతకం చేసినవారు సిగ్గుపడి మౌనంగా ఉండిపోవడం వలన నష్టం పెరుగుతుంది. రద్దు గడువు మిగిలి ఉంటే, అదే రోజు ఇమెయిలు ద్వారాను, స్పీడ్ పోస్టు ద్వారాను రద్దు కోరుతూ రాసి, రసీదులు భద్రపరచాలి. ఫోనులో చెబితే చాలదు. ప్రకటన పత్రాలు, వాట్సాప్ సందేశాలు, చెల్లింపు రసీదులు తొలగించకూడదు. తప్పుడు సమాచారం ఇచ్చి పొందిన అంగీకారాన్ని రద్దు చేసుకొనే హక్కు 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోనే ఉంది. దానిని నిరూపించడానికి ఈ కాగితాలే ఆధారం.

కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులో కూడా ఫిర్యాదు చెప్పుకోవచ్చు. ఆ తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల వివాద పరిష్కార కమిషన్. ఇందులో వలస కుటుంబాలకు మేలు చేసే అంశాలు కొన్ని ఉన్నాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటనే కేసు వేయవచ్చు. కంపెనీ కార్యాలయం ముంబయిలోనో, చెన్నైలోనో ఉందని అంత దూరం వెళ్లనవసరం లేదు. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపు అయితే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. వివాదాలు మధ్యవర్తి వద్దనే తేలాలని ఒప్పందంలో ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో స్పష్టం చేసింది. అయితే కారణం తలెత్తిన నాటి నుండి రెండేళ్లలో ఫిర్యాదు చేయాలి. ఉచిత న్యాయసహాయానికి అర్హులైనవారు 15100 నంబరును సంప్రదించవచ్చు.

పాత సభ్యులకు మరొక హెచ్చరిక అవసరం. "మీ సభ్యత్వానికి కొనుగోలుదారు దొరికాడు, ముందుగా పన్ను కట్టండి" అంటూ అపరిచితులు ఫోను చేయడం ఇటీవలి మోసాలలో ఒకటి. ఆ విధంగా డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే 1930కి ఫిర్యాదు చేయాలి.

ఎవరికి తగును

టైమ్‌షేర్ అందరికీ నష్టమే అనడం న్యాయం కాదు. ఉద్యోగ విరమణ చేసి, రద్దీ లేని నెలలలో వారం మధ్యలో కూడా ప్రయాణించగలవారికి, ఏటా తప్పక విహారయాత్ర చేసే అలవాటు ఇప్పటికే ఉన్నవారికి, అప్పు చేయకుండా మిగులు సొమ్ముతో చేరగలవారికి, ఇప్పటికే నడుస్తున్న రిసార్టులలో ఒకసారి డబ్బు కట్టి బస చేసి చూసినవారికి ఇది అనుకూలించవచ్చు. పిల్లల బడి, ఊరి పండుగలు, పెద్దల ఆరోగ్యం మధ్య సెలవులను సర్దుకొనే కుటుంబానికి మాత్రం, కావలసిన ఏడాది కావలసిన చోట డబ్బిచ్చి గది తీసుకొనే స్వేచ్ఛే ఎక్కువ విలువైనది. ఏ కుటుంబం ఏ కోవకు చెందుతుందో గడచిన మూడేళ్ల సెలవుల కాగితం, రాత్రికి పడే అసలు ఖర్చు, రిసార్టు నేల పత్రాలు ఈ మూడూ పక్కపక్కన పెట్టుకొని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. దానికి ఒక వారం వ్యవధి చాలు. ఆ వారం ఆగలేని ధర తగ్గింపు కోసం పాతికేళ్ల ఒప్పందానికి కట్టుబడవలసిన అవసరం లేదు.